మా మామ్మ పుట్టిన ఏడు దిద్దుకోనివ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారమండి. మా మామ్మ పెద్దకర్మ నాడు మీ పత్రిక జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటన వేయించుకున్నాం. కింది వరసలో ఎడం పక్కన, ముక్కుపుడకతో, తలమీదికి కొంగు లాక్కుని ఉన్న ఫొటో మా మామ్మది. దాని కింద జననం 01-01-1938 అనీ, వయసు 88 ఏళ్ళు అనీ పడింది. తప్పు మీది కాదు. మా తమ్ముడు ఆధార్ కార్డు చూసి రాసిచ్చిన కాగితంలో ఏముందో అదే మీవాళ్ళు అచ్చు వేశారు. కానీ మామ్మ పుట్టింది 1932లోనండి. తొంభై మూడు నిండి తొంభై నాలుగో ఏట పోయింది. ఆమె బతుకులో అయిదున్నరేళ్ళు మేమే చేతులారా కొట్టేసినట్టయింది.

నేను ముమ్మిడివరంలో కుట్టుమిషను పెట్టుకుని ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆడవాళ్ళ రవికెలు కుడుతున్నాను. చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే గుడ్డంతా పాడైపోయినట్టే మాకు. అలాంటిది మామ్మ ఫొటో కిందే అయిదున్నరేళ్ళ తేడా కనిపిస్తుంటే ఆ కాగితం చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుగా ఉంటోంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవమని మనవి.

ఆ 1938 ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్తాను. ఆధార్ తీస్తున్న రోజుల్లో మామ్మని బాబాయి బండి మీద కూచోబెట్టుకుని తీసుకెళ్ళాడు. పుట్టిన తేదీ ఎప్పుడని అడిగితే మామ్మ తడుముకోకుండా "ఆంగీరస, శ్రావణ మాసం" అంది. కంప్యూటరు ముందున్న పిల్లాడికి ఆంగీరస అంటే ఏం తెలుస్తుంది? "అంకెల్లో చెప్పాలి మామ్మగారూ" అన్నాడట. వెనక చాంతాడంత వరస. బాబాయి కంగారులో "ఓ డెబ్బై అయిదు వేసుకో బాబూ" అన్నాడు. అలా 1938 వచ్చింది. తేదీ తెలియని వాళ్ళందరికీ వేసినట్టే జనవరి ఒకటి కూడా వచ్చి చేరింది. అప్పటికే రేషను కార్డులో ఒక వయసు, ఓటరు కార్డులో ఇంకో వయసు ఉన్నాయి. కార్డు ఇంటికొచ్చాక చదివి చెబితే "పోన్లేవే, పింఛను ఆగకపోతే చాలు" అంది మామ్మ. ఆవిడే అంది కదా అని నేనూ ఊరుకున్నాను. అప్పుడే దిద్దించాల్సింది.

మామ్మకి చదువు లేదు. అయినా తను పుట్టిన ఏడు పేరు ఆమెకి వాళ్ళమ్మ నూరిపోసింది. "గోదారి పుష్కరాలకి నువ్వు కడుపులో ఉన్నావు. నిండు నెలలని నన్ను రేవులోకి దిగనివ్వలేదు, చెంబుతో నెత్తిన పోశారు. పుష్కరాలు వెళ్ళిన నెలకి, శ్రావణంలో పుట్టావు. ఏడు ఆంగీరస" అని చెప్పేదట. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. పంచాంగం చూసుకోండి, ఆంగీరస 1932లో వచ్చింది, మళ్ళీ 1992లో వచ్చింది. గోదావరి పుష్కరాలూ 1932లోనే వచ్చాయి. ఈ రెండూ ఒకే ఏట కలిసింది ఆ ఒక్కసారే. దీనికన్నా గట్టి సర్టిఫికెట్ ఏముంటుందండి?

1992 ఉగాది నాడు జరిగింది నాకు నిన్నటిలా ఉంది. రామాలయంలో పంచాంగ శ్రవణానికి వెళ్ళిన మామ్మ మధ్యలోనే లేచొచ్చేసింది. అప్పుడు నా మిషను మా వీధి అరుగు మీదే ఉండేది. చేతిలో ఉగాది పచ్చడి ఆకుదొన్నె అలాగే ఉంది, సగం ఒలికిపోయింది. "బుల్లీ, నా ఏడొచ్చిందే! పంతులుగారు చదివారు, ఆంగీరసే!" అంది. అరవై ఏళ్ళ మనిషి ముఖంలో ఆ వెలుగు అంతకు ముందు నేనెప్పుడూ చూడలేదు. షష్టిపూర్తులు మగవాళ్ళకే చేస్తారు, అదీ కలిగిన ఇళ్ళల్లో. మామ్మకి ఎవరు చేస్తారు? నేనే సాయంత్రానికల్లా ముదురాకుపచ్చ గుడ్డతో ఒక రవికె కుట్టి ఇచ్చాను. నా కొలతల పుస్తకంలో ఆ రోజు పేజీ పైన "ఆంగీరస" అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అయిదున్నరేళ్ళు పోతే ఏమైంది, ఎలాగూ పెద్దావిడే కదా అని మా ఇంట్లోనే ఒకరన్నారు. ఏం పోతుందో చెప్తాను. మామ్మ పెళ్ళి 1944లో జరిగింది. ఆ ఏడు పుష్కరాలొస్తే ఇక ఏడాది పొడుగునా ముహూర్తాలుండవని మాఘంలోనే తొందరపడి చేసేశారు. పిల్లకి పన్నెండో ఏడు. పద్నాలుగేళ్ళు నిండని పిల్లకి పెళ్ళి చేస్తే శారదా చట్టం కింద నేరం. అది ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో మాట. గౌతమి దాటితే యానాం, అక్కడ ఫ్రెంచివాళ్ళ రాజ్యం, ఈ చట్టం అక్కడ లేదు. అందుకని చుట్టుపక్కల జిల్లాలవాళ్ళంతా పిల్లల్ని పడవలెక్కించి తీసుకెళ్ళి అక్కడ పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు. యానానికి కళ్యాణపురం అని పేరొచ్చింది అందుకే. మామ్మనీ అలాగే తీసుకెళ్ళారు. పడవలో నిద్రపోయిందట. లేచేసరికి బాజాలు వినిపిస్తున్నాయి, ఎవరి పెళ్ళో అనుకుందట.

1938 అని రాస్తే ఆ పడవలో నిద్రపోయిన పిల్ల ఆరేళ్ళది అవుతుంది. ఆరేళ్ళ పిల్లకి ఆ వెంటనే వచ్చిన పుష్కరాల్లో జరిగింది అంత వివరంగా గుర్తుంటుందా? అత్తవారు పెట్టిన వెండి కడియాలు కొంచెం వదులు. రేవులో మూడో మునక వేసి లేచేసరికి ఎడంకాలి కడియం లేదు. నీళ్ళల్లో కాలితో ఇసక తడుముతూ ఉండిపోయింది. అత్తగారు గట్టున నిలబడి పిలుస్తుంటే భయం. తిడుతుందనుకుంటే ఆవిడ ఒక్క మాటా అనలేదట. కుడికాలిది కూడా తీసి పెట్టెలో దాచి, "గంగమ్మ తల్లి తీసుకుందిలే, ఊరుకో" అందట. ఈ కథ మామ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తర్వాత వచ్చిన ప్రతి పుష్కరానికీ రేవులోకి దిగి మునక వేసేముందు ఎడంకాలి బొటనవేలితో ఇసక తడిమేది. ఎందుకో మా అందరికీ తెలుసు, ఎవరమూ అడిగేవాళ్ళం కాదు.

మాది గౌతమి పాయలో ఒక లంక. ఏటిగట్టుకి లోపలుండే ఊళ్ళకి ఉన్న ధీమా మాకు ఉండేది కాదు. మా ఊరు గట్టుకీ నదికీ మధ్యే. ఒండ్రు నేల, ఏం వేసినా పండుతుంది. పండిందంతా ఏటా ఓసారి గోదారి వచ్చి చూసుకుని వెళ్తుంది. 1953 ఆగస్టు వరదలో మా నాన్నకి అయిదేళ్ళు, బాబాయి ఒళ్ళో బిడ్డ. తాత దూడల్ని పట్టుకుంటే, మామ్మ ఇద్దరు పిల్లల్ని పట్టుకుని పీకల్లోతు నీళ్ళల్లో నడిచిందని చెప్పేవాళ్ళు. 1961లో తాత వారం రోజుల జ్వరంతో పోయాడు. మామ్మకి అప్పటికి ముప్ఫై నిండలేదు. నలుగురు పిల్లలు.

అప్పట్నుంచి ఆమె బతుకంతా తట్టే. తోటకూర, గోంగూర, బచ్చలి, ఆనపకాయలు, అరటాకుల కట్టలు. తొలికోడి కూతకి లేచి మొదటి పడవకి యానాం రేవు దాటి అమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చేది. వచ్చాక కొబ్బరి పీచు పని. గోతిలో నానిన డొక్కలు తీసి, కొట్టి, పీచు తీసి, రాట్నం మీద తాడు పేనేది. ఎవరెంత బాకీయో గోడ మీద బొగ్గుతో గీతలు. ఒక్కో మనిషికి ఒక్కో గుర్తు, నిచ్చెన, చేప, తాటికాయ. గోడకి సున్నం వేసే రోజు ముందు మా నాన్నని కూచోబెట్టి గీతలన్నీ చెప్పి పలక మీద రాయించేదట. మా నాన్నకి లెక్కలు వచ్చింది బళ్ళో కాదు, ఆ గోడ దగ్గర.

ఆ పీచు పని చేసీ చేసీ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. చివరి రోజుల్లో పింఛనుకి వేలిముద్ర వేయమంటే మిషను తీసుకునేది కాదు. పది వేళ్ళూ మార్చి మార్చి పెట్టించేవారు. "నా వేలు నేను కాదంటుందేంటే?" అని అడిగేది. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

1986 వరద గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఆగస్టు 15, జెండా పండగ. పిల్లలు బళ్ళో ఇచ్చిన బిళ్ళలు తింటూ వచ్చారు. నీళ్ళు అప్పటికే రేవు మెట్లన్నీ మింగేశాయి గానీ, ఏటా చూసేదే కదా అని ఎవరూ కదల్లేదు. రేడియోలో భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులో చెప్తున్నారు. మామ్మ రేడియో వినలేదు. సాయంత్రం రేవు దగ్గరికి వెళ్ళి, దోసిలితో నీళ్ళు తీసుకుని వాసన చూసింది. కొట్టుకొస్తున్న నురగ వంక చూసింది. మాకు తెలిసిన వరద నీళ్ళల్లో తాటాకులు, అరటి బోదెలు వస్తాయి. ఆ రోజు వేళ్ళతో సహా పెద్ద పెద్ద అడవి మానులు వస్తున్నాయి. "ఇది మన ఎరుక నీళ్ళు కాదు. కొండల్లోంచి దిగిన నీళ్ళు. రాత్రికి ఇక్కడ ఉండకూడదు" అంది. ఇల్లిల్లూ తిరిగింది. కొందరు చాదస్తం అన్నారు. అయినా తట్ట నెత్తిన పెట్టుకుని పెద్దావిడ ముందు నడుస్తుంటే, ఒకరి వెనక ఒకరు ఏటిగట్టు మీదికి వచ్చారు.

మర్నాడే, ఆగస్టు 16న, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకి. ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులు కిందికి వచ్చాయి. కోనసీమలో గట్లు తెగాయి. మా లంకలో తాటిచెట్ల మొవ్వులు, గుడి ధ్వజస్తంభం పైభాగం తప్ప ఇంకేం కనిపించలేదు. మా వీధిలో ఒక్క ప్రాణం పోలేదంటే అది మామ్మ చలవే. ఇది నేను మా ఇంటి మనిషని చెప్పడం లేదు. ఆ గట్టు మీద పదకొండు రోజులు మాతో ఉన్నవాళ్ళు ఈనాటికీ ఉన్నారు, పెద్దకర్మకి వచ్చి వాళ్ళే నలుగురిలో చెప్పారు.

గట్టు మీదికి ఎవరికి ముఖ్యమైనవి వాళ్ళు తెచ్చుకున్నారు. మా అమ్మ పెళ్ళిచీర తెచ్చింది, నేను పదో తరగతి మార్కుల కాగితం తెచ్చాను. మామ్మ తట్టలో ఏముందని అందరం చూస్తే ఒక కుండ ఉంది, మూతికి గుడ్డ కట్టి, పైన పేడ మెత్తి. దాన్నిండా బూడిదలో కలిపిన విత్తనాలు. బీర, ఆనప, చిక్కుడు, తోటకూర, గుమ్మడి. పడవల మీద పులిహోర పొట్లాలు తెచ్చి పంచుతుంటే జనం చేతులు చాపుతున్నారు. మామ్మ కుండ మీద చెయ్యి వేసుకుని కూచుంది. నీళ్ళు తీశాక ఇంటికెళ్తే మోకాలి లోతు బురద. గోడలు కూలిపోయాయి. అందరం ఏడుస్తూ నిలబడితే, మామ్మ పెరట్లో ఒండ్రు కొంచెం చేతిలోకి తీసుకుని నలిపి చూసి, అక్కడికక్కడే బీర గింజలు పెట్టింది. కార్తీకానికి ఆ పాదు కాయలు ఊరంతా తిన్నారు.

ఆ వరద తర్వాత పొలం మీద ఆధారపడితే లాభం లేదని మామ్మే నన్ను ముమ్మిడివరంలో ఒక టైలరమ్మ దగ్గర పనికి పెట్టింది. రెండేళ్ళు నేర్చుకున్నాక మిషను కొనడానికి డబ్బుల్లేవు. మామ్మ పెట్టె తెరిచి, మెడలో నాను, ఆ మిగిలిపోయిన కుడికాలి ఒంటి కడియం తీసింది. నలభై నాలుగేళ్ళు దాచిన కడియం. "జత లేనిది ఎన్నాళ్ళుంచినా ఏం చేసుకుంటాం" అంది. అవి అమ్మితే వచ్చినదాంట్లో పన్నెండు వందలు పెట్టి పాత ఉషా మిషను కొన్నాం. ఇద్దరు పిల్లల్ని నేను చదివించింది దాని మీదే. ఈ ఉత్తరం రాస్తున్నదీ దాని పక్కనే కూచుని.

నా కొలతల పుస్తకంలో మొదటి పేజీ మామ్మది. 1988 శ్రావణం. పొడవు 14, ఛాతీ 36, భుజం 14½, చెయ్యి 9. ఏడాదికి రెండు రవికెలు, శ్రావణంలో ఒకటి, సంక్రాంతికి ఒకటి. పాత కొలతతో కుట్టనిచ్చేది కాదు, ప్రతిసారీ టేపు పెట్టించుకునేది. ఆమెకి రెండు భుజాలూ సమానంగా ఉండేవి కావు. ఏళ్ళ తరబడి తట్ట ఒకే చంకన పెట్టుకోవడం వల్ల ఎడమది ముప్పావు అంగుళం దిగి ఉండేది. ముందు నాకు తెలియక రెండు పక్కలా ఒకేలా కత్తిరించాను. తొడుక్కుంటే ఎడం పక్క ముడతలు పడింది. మామ్మ ఏమీ అనలేదు. తర్వాత ఆమె గుడ్డ ఎప్పుడూ మడతపెట్టి కత్తిరించలేదు. కుడి భుజం వేరేగా, ఎడమ భుజం వేరేగా గీసేదాన్ని.

1996కి ఛాతీ 35 అయింది. 2004కి 33. వేళ్ళు వంకర్లు పోవడం మొదలయ్యాక హుక్కులు పట్టుకోలేకపోయేది. కాజాలు కుట్టి పెద్ద గుండీలు పెట్టాను. అవీ కుదరకపోతే ప్రెస్సు బటన్లు. బొడ్డుసంచి ముడి విప్పలేకపోతోందని రవికెకి లోపల ఎడం పక్క చిన్న జేబు కుట్టాను. దాంట్లో వక్కపలుకులు, పిల్లలకిచ్చే రూపాయి బిళ్ళలు. 2015కి ఛాతీ 31, పొడవు 13. పోయిన ఏడాది శ్రావణంలో ఆఖరుసారి టేపు పెట్టినప్పుడు ఛాతీ 29, పొడవు 12½, భుజం 13. డాక్టర్ల కాగితాలు చాలా ఉన్నాయి గానీ, మామ్మ ఎలా పండి రాలిందో ఆ పుస్తకంలో ఉన్నంత వివరంగా వాటిల్లో లేదండి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను సంగతి కోనసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మాకున్నవి పద్నాలుగు కొబ్బరిచెట్లు. తెల్లారి చూస్తే మూడు నిలబడి ఉన్నాయి. పడిపోయిన చెట్ల మొవ్వ తీసుకుని జనం తిన్నారు, అంతకన్నా ఏం లేదు తినడానికి. మామ్మ మాత్రం ముట్టలేదు. "బిడ్డ తలకాయ తిన్నట్టుంటుంది" అంది. గోదారి ఎన్నిసార్లు ముంచినా ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆ చెట్ల దగ్గర మాత్రం ఒక్కో చెట్టు మొదట్లోనూ కూచుని ఏడ్చింది. ఎవరు పుట్టినప్పుడు ఏ చెట్టు పెట్టిందో అన్నీ తెలుసు ఆమెకి. నా చెట్టు పడిపోయింది, మా తమ్ముడిది నిలిచింది. ఆ విషయం నాకు చెప్పకుండా చాలా ఏళ్ళు దాచింది.

ఎదుర్లంక నుంచి యానాంకి వంతెన కట్టాక మామ్మ బస్సెక్కనంది, నడిచి దాటతానంది. నేనూ, మా తమ్ముడూ చెరోపక్క నడిచాం. సగంలో ఆగి కిందికి చూసింది. తన పెళ్ళి పడవ ఎటునుంచి ఎటు వెళ్ళిందో వేలుపెట్టి చూపించింది. అవతల మా చిన్నమామ్మ, అంటే ఆమె చెల్లెలు, ఫ్రెంచివాళ్ళ కాలంలో యానాం కోడలుగా వెళ్ళినావిడ, ఎదురొచ్చి నిలబడి ఉంది. ఇద్దరూ పట్టుకుని రోడ్డు మధ్యలోనే మాట్లాడుకుంటూ ఉండిపోతే బండ్లన్నీ ఆగాయి. చిన్నమామ్మ పోయి ఇప్పటికి తొమ్మిదేళ్ళు. మా లంకలో పాత ఇల్లున్న చోటు కూడా ఇప్పుడు లేదు, కోతకి గోదాట్లో కలిసిపోయింది.

ఇక 2015 పుష్కరాలు. మామ్మకి ఎనభై మూడో ఏడు. రాజమండ్రి తీసుకెళ్ళమంది గానీ మాకు భయమేసింది. తొలిరోజే అక్కడి రేవులో తొక్కిసలాట జరిగి పాతిక మందికి పైగా పోయారు. ఆ వార్త విని మామ్మ ఆ పూట అన్నం తినలేదు. వాళ్ళల్లో తన ఈడువాళ్ళు ఎంతమందో అని అడుగుతూనే ఉంది. నాలుగో రోజు ఇంటికి దగ్గరున్న రేవుకి తీసుకెళ్ళాం. మెట్లు కొత్తగా కట్టారు, శుభ్రంగా ఉన్నాయి. కానీ ఆవిడ కాలు దించలేకపోయింది. ఒక్కో మెట్టూ అంత ఎత్తు. పట్టుకోవడానికి గొట్టం గానీ గొలుసు గానీ లేదు. నా సంచిలో ఎప్పుడూ టేపు ఉంటుంది. పెట్టి చూశాను, పదిన్నర అంగుళాలు. మా ఇంటి గడప ఆరే. చివరికి మా తమ్ముడు పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని దించాడు. తన కాళ్ళ మీద తను గోదాట్లోకి దిగలేకపోయినందుకు చాలా చిన్నబుచ్చుకుంది.

వచ్చే గోదావరి పుష్కరాలు 2027లో. రేవుల పనులు మొదలవుతున్నాయని మీ పత్రికలోనే చదువుతున్నాను. కట్టేవాళ్ళకి మీ ద్వారా నా విన్నపం ఒకటే. ప్రతి రేవులోనూ ఒక పక్కన, నాలుగు బారల వెడల్పున చాలు, ఆరంగుళాలకి మించని మెట్లు కట్టండి. రెండువైపులా చేతికందే ఎత్తులో గొట్టాలు పెట్టండి. నీళ్ళల్లో మునిగే మెట్టు దాకా ఆ గొట్టం ఉండాలి, పైనే ఆపేస్తే లాభం లేదు. పట్టు తప్పేది నీళ్ళల్లోనే. కడుపులో ఉన్న పుష్కరం కలుపుకుంటే మామ్మకి 2027 తొమ్మిదోది అయ్యేది. ఆమెకి ఎలాగూ అందలేదు. ఆమె ఈడువాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ తొమ్మిదోదాని మీద మామ్మకి చాలా ఆశ ఉండేది. పోయిన శ్రావణంలో కొలతలు తీసుకున్నప్పుడే, సంక్రాంతి రవికెతో పాటు పుష్కరాలకి ఒకటి ఇప్పుడే కుట్టి పెట్టేయమంది. "అప్పటికి నీ కళ్ళు కనపడతాయో లేదో" అని నా గురించి దిగులు పడింది. పసుపు రంగు గుడ్డ తనే ఎంచుకుంది. కత్తిరించి ఉంచాను. కుడి భుజం వేరే, ఎడమ భుజం వేరే. పెళ్ళిళ్ళ సీజను పనుల్లో పడి కుట్టలేకపోయాను. సంక్రాంతి వెళ్ళాక మామ్మ మంచం దిగలేదు. మాఘ పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు తెల్లవారుజామున, మొదటి పడవ వేళకి పోయింది. ఇప్పుడు ఆ వేళకి పడవలు లేవు గానీ, మామ్మ మాత్రం ఆఖరిదాకా ఆ వేళకే మేలుకునేది. ఆ రోజు కూడా మేలుకుని, నా చెయ్యి పట్టుకుని, "తెల్లారిందా?" అంది. ఇంకా లేదన్నాను.

ఆ రవికె దినాలు వెళ్ళాక కుట్టాను. ఎవరికీ పట్టదు, ఎవరి భుజాలూ అలా ఉండవు. అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు నీళ్ళల్లో వదిలేద్దామని తీసుకెళ్ళి కూడా, వదలలేక వెనక్కి తెచ్చేశాను. పెట్టెలో ఉంది. రేవులోకి దిగినప్పుడు నా ఎడంకాలు దానంతటదే ఇసక తడిమింది. మా తమ్ముడు చూశాడు, ఏమీ అడగలేదు.

అయ్యా, మీ పత్రికలో తప్పొప్పులు దిద్దే చోటు చిన్నదని తెలుసు. ఈ ఉత్తరమంతా వేయలేకపోయినా ఫరవాలేదు. ప్రకటన మళ్ళీ వేయాలంటే దాని ఖర్చు ఎంతైనా మేమే ఇచ్చుకుంటాం. అదే ఫొటో పెట్టి, కింద ఈ రెండు వరసలు వేస్తే చాలు:

జననం: ఆంగీరస నామ సంవత్సరం శ్రావణ మాసం, 1932.
వయసు: 93 ఏళ్ళు.

ఇట్లు,
ఒక మనవరాలు,
ముమ్మిడివరం, కోనసీమ జిల్లా.